నిదానంగా తిరిగిన ఫోర్డు ఇంజను

ఆ ఫోను పక్కన పెట్టి కూర్చో అబ్బాయ్. సగం చెవితో వింటే ఈ ముచ్చట బుర్రకెక్కదు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, చెర్రీ గ్రోవ్ అనే పల్లెటూరు. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అని ఒకాయన ఉండేవాడు. పెద్ద చదువు లేదు, పనితనం ఉంది. విమానం ఇంజను కొనడం ఆ రోజుల్లో కలిగినవాళ్ల మాట. ఫోర్డ్ మోడల్ ఏ కారు 1927 చివర్లో బయటికొచ్చినప్పుడు రోడ్‌స్టర్ ధర 385 డాలర్లు. కారే అంతైతే దాని పాత ఇంజను ఎంతకొస్తుందో నువ్వే లెక్కేసుకో. 1929లో ఆయన ఆ ఇంజన్నే తన చెక్క విమానానికి బిగించి ఎగిరాడు. రేడియేటరు నిటారుగా కళ్లెదుటే ఉంటుంది, పక్కనుంచి తొంగి చూస్తూ నడపాలి.

కారు ఇంజను విమానానికి పనికిరాదని ఓ పత్రిక సంపాదకుడు రాశాడట. ఈయన వాదనకు దిగలేదు, విమానాన్నే మినియాపోలిస్ దాకా ఎగరేసుకెళ్లి చూపించాడు. 1932లో ఆ విమానం నక్షాలు అచ్చేసిందీ ఆ పత్రికవాళ్లే! సంపాదకుల సంగతి మొదలెడితే తెల్లారిపోతుంది గానీ, ఇంజను దగ్గరికొద్దాం.

కంపెనీ లెక్కన దాని బలం 40 గుర్రాలు, అదీ నిమిషానికి 2,200 చుట్లు తిరిగితే. పీటెన్‌పోల్ అంత తిప్పలేదు. ఆరడుగులు దాటిన చెక్క ప్రొపెల్లరును నేరుగా క్రాంకుకే బిగించి 1,600 దరిదాపుల్లో నడిపాడు. ఎందుకంటావా? రోడ్డు మీద ఇంజను పూర్తి బలం పెట్టేది గుట్ట ఎక్కేటప్పుడే. గాల్లో గంటల తరబడి లాగాలి. లోపలి బేరింగులేమో మెత్తని బాబిట్ లోహం పోసినవి. చుట్లు రెండింతలైతే పిస్టన్లు గుంజే గుంజుడు నాలుగింతలు. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా? పైగా మెల్లగా పోయే విమానానికి పెద్ద ప్రొపెల్లరు నిదానంగా తిరిగితేనే లాగుడెక్కువ.

తర్వాత ఇలాంటి విమానాల్లోకి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజన్లొచ్చాయి. 3,000 దాటితే గానీ వాటికి ఊపు రాదు. ప్రొపెల్లరు కొసలు శబ్ద వేగానికి దగ్గరైతే అరుపే మిగులుతుంది గనుక దాన్ని పొట్టిగా చెక్కాలి. ఇప్పటి రోటాక్స్ 912 విమానం ఇంజనైతే ఏకంగా 5,800 తిరుగుతుంది, అదీ 5 నిమిషాలే, ఆపైన 5,500కి దించాలి. గేర్‌బాక్సు ఉండబట్టి ప్రొపెల్లరు మాత్రం నింపాదిగానే తిరుగుతుంది.

నడిపే పద్ధతీ విను. కోణం మారని ప్రొపెల్లరైతే, మూతి దించగానే ఎదురుగాలే దాన్ని తోస్తుంది. థ్రాటిల్ వెనక్కి లాగకపోతే చుట్లు చూపే టాకోమీటరు ముల్లు ఎర్రగీత దాటుతుంది. పాతవాళ్లు ముల్లు చూడకముందే చెవితో పట్టేసేవాళ్లు. చల్లని ఇంజన్ని లేస్తూనే ఉరికించేవాళ్లు కాదు. రోటాక్స్‌కైతే ఆయిలు 50 డిగ్రీలకు చేరేదాకా నేల విడవకూడదు.

రేపు నువ్వూ ఓ విమానం కట్టుకుంటే, టాకోమీటరు చెప్పే అంకెను ముందు ఇంకో మీటరుతో సరిచూసుకో, నాయనా. అది తక్కువ చూపిస్తుంటే ఎర్రగీత ఎప్పుడు దాటావో నీకే తెలియదు.