ఏ మాటకు ఆ సాక్ష్యం: దివిసీమ ఆధారాల పక్కన బైబిల్

దివిసీమలోని హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయాన్ని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, తెల్లవారి కోడి కూయడంతో గాలిగోపురం అసంపూర్తిగా ఆగిపోయిందనీ స్థలపురాణం. జనం పాపాలు మోసి నల్లబడి, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగిన గంగ, కృష్ణ సముద్రంలో కలిసే ఇక్కడే హంసగా మారిందని మరో కథ. గుడి ఏ శతాబ్దంలో కట్టారో ఈ కథలు చెప్పవు. కానీ సంగమ స్నానానికి భక్తులు ఎంత విలువ ఇచ్చారో చెబుతాయి. అంటే ఒకే కథ ఒక ప్రశ్నకు సాక్ష్యమవుతుంది, ఇంకో ప్రశ్నకు కాదు.

ఈ కృష్ణా డెల్టాలో బైబిల్ కూడా కొత్త గ్రంథమేమీ కాదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో క్రైస్తవ మిషన్ మొదలుపెట్టారు. అప్పటినుంచి చూసినా తరాలు గడిచాయి. బైబిల్‌ను చారిత్రక ఆధారంగా ఎంతవరకు తీసుకోవచ్చన్న ప్రశ్నకు తరచూ రెండే జవాబులు వినిపిస్తాయి: అంతా నిజం, లేదా అంతా కల్పన. ఆధారాలు ఈ రెండింటినీ సమర్థించవు. బైబిల్ అనేక శతాబ్దాలపాటు పలువురు రాసి, కూర్చిన గ్రంథాల సంపుటి. అందులో రాజుల వృత్తాంతాలు, పాటలు, ధర్మశాస్త్రం, దర్శనాలు, ఉత్తరాలు ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒక్క తీర్పు ఇవ్వడం కుదరదు.

స్వతంత్ర సాక్ష్యం అంటే

కొలమానం కోసం దూరం పోనక్కర్లేదు. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరంలో ‘కంటకోస్సుల’ అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం ‘కంటకసెల’లోని మహాచైత్యాన్ని ప్రస్తావిస్తుంది. ఘంటసాలలో 1892లో అలెగ్జాండర్ రే బౌద్ధ స్తూపాన్ని తవ్వి చూశాడు. అక్కడే దొరికిన శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరుంది. గ్రీకు గ్రంథం, దాత వేయించిన శాసనం, నేలలోని ఇటుక కట్టడం ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టినవి కావు. అయినా మూడూ ఒకే చోటును చూపుతున్నాయి. అందుకే కంటకసెల నేటి ఘంటసాలేనన్న గుర్తింపు బలంగా నిలిచింది.

రాజుల పేర్లు

మత్స్య పురాణం ఆంధ్ర రాజులు 30 మంది అనీ, వారి పాలన 460 ఏళ్లనీ చెబుతుంది. వాయు పురాణం ప్రతుల్లో రాజుల సంఖ్యా, కాలమూ తగ్గుతాయి. ఈ తేడాల వల్ల పురాణ వంశావళిని కొందరు పూర్తిగా పక్కన పెట్టారు. అయితే 1990లలో కర్ణాటకలోని కనగనహళ్లి స్తూపం బయటపడినప్పుడు, పేర్లు చెక్కిన రాజుల శిల్పాలు కనిపించాయి. వాటిలో ఒకటి మంతలకుడిది. అంతవరకు ఆ రాజును పురాణాల జాబితా వల్లే ఎరుగుదుం. ఆ ఒక్క పేరుకు రాతి సాక్ష్యం దొరికింది. 460 ఏళ్ల లెక్కకు మాత్రం దొరకలేదు.

బైబిల్లో దావీదు సంగతీ ఇలాంటిదే. ఆయన కల్పిత పాత్ర కావచ్చని కొందరు పండితులు వాదిస్తున్న రోజుల్లో, 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తెల్ దాన్‌లో క్రీ.పూ. 9వ శతాబ్దపు అరామిక్ శాసన ఖండం దొరికింది. అందులో ‘దావీదు వంశం’ అన్న మాట ఉందని అత్యధికులు అంగీకరిస్తారు. దావీదు పేరుతో ఒక రాజవంశం ఉండేదని దీంతో తేలుతుంది. గొల్యాతుతో పోరు జరిగిందని తేలదు. దావీదు రాజ్యం ఎంత విస్తారమో కూడా తేలదు.

రెండు పక్షాలూ చెప్పిన యుద్ధం

క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీద దండెత్తాడు. రాజుల రెండవ గ్రంథం ఈ సంగతి చెబుతుంది, సన్హెరీబు వేయించిన మట్టి పట్టక శాసనమూ చెబుతుంది. యూదా రాజు హిజ్కియా 30 టాలెంట్ల బంగారం కప్పం కట్టాడని హీబ్రూ మూలం, అష్షూరు శాసనం రెండూ అంటాయి. వెండి దగ్గర తేడా వస్తుంది: బైబిల్ లెక్క 300, శాసనం లెక్క 800. లాకీషు పట్టణం పతనాన్ని నీనెవె రాజభవనంలో దొరికిన శిల్పాలు చూపుతాయి, తవ్వకాలూ బలపరుస్తాయి. 46 కోటలు పట్టుకున్నానని చాటుకున్న సన్హెరీబు, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనలేదు. నగరం దక్కిందన్న బైబిల్ మాటకు శత్రువు మౌనమే బలం.

ఒక్క రాత్రిలో దేవదూత 1,85,000 మంది అష్షూరు సైనికులను సంహరించాడన్న వాక్యం వేరు. ఆ సంఖ్యకు బయటి సాక్ష్యం లేదు. పెద్ద సంఖ్యల విషయంలో జాగ్రత్త ఎందుకో దివిసీమకు తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెన మృతులు అధికారిక లెక్కలో దాదాపు 10,000. ఇతర అంచనాలు అంతకు మించిపోయాయి. పత్రికలు, ప్రభుత్వ రికార్డులు, ప్రత్యక్ష సాక్షులు ఉన్న కాలంలోనే ఇంత తేడా వచ్చింది. అయితే లెక్క తేలనంత మాత్రాన ఉప్పెన రాలేదని ఎవరూ అనరు.

పొసగని చోట్లు

యెహోషువ గ్రంథంలో యెరికో గోడలు కూలాయి. 1952–58 మధ్య అక్కడ తవ్విన కాథ్లీన్ కెన్యన్, ఆ కోట నగరం క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే నాశనమైందని నిర్ధారించారు. యెహోషువకు చెప్పే కాలంలో అక్కడ ప్రాకారమున్న నగరం కనిపించలేదు. మరోచోట, మత్తయి సువార్త యేసు జననాన్ని హేరోదు కాలంలో పెడుతుంది. హేరోదు క్రీ.పూ. 4లో మరణించాడని ఎక్కువమంది అభిప్రాయం. లూకా ఆ జననంతో ముడిపెట్టిన, సిరియా పాలకుడు కురేనియు జరిపిన జనగణనను యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఇచ్చే వివరాల ప్రకారం క్రీ.శ. 6లో పెట్టాలి. ఈ రెండింటినీ పొసగించే ప్రయత్నాలు జరిగాయి గాని, ఏదీ సర్వామోదం పొందలేదు.

చూసినది, నమ్మినది

యేసును రోమన్ అధిపతి పిలాతు సిలువ వేయించాడన్నది సువార్తల్లోని గట్టి అంశాల్లో ఒకటి. క్రీ.శ. 116 ప్రాంతంలో రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఆ మరణదండనను పేర్కొన్నాడు. ఆయనకు క్రైస్తవులంటే గిట్టదు, కాబట్టి పక్షపాతమన్న అనుమానానికి తావు తక్కువ. పిలాతు పేరున్న శిలాఫలకం 1961లో కైసరయలో దొరికింది. పునరుత్థానం విషయంలో చరిత్రకారుడు చెప్పగలిగింది ఒక్కటే: శిష్యులు దాన్ని నమ్మారు, ఆ నమ్మకం చాలా తొలినాళ్లదే.

కృష్ణా తీరంలో దీనికి పోలిక ఉంది. కళింగ దండయాత్రలో శ్రీకాకుళం వెళ్లినప్పుడు అక్కడి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నాడు. ఆ దండయాత్ర శాసనాలకు అందుతుంది. అందువల్ల శ్రీకాకుళం యాత్ర నమ్మదగ్గదే. కల ఏ శాసనానికీ అందదు. అయినా రాజు తన కావ్యాన్ని ఎలా చూడమన్నాడో చెప్పడానికి అదీ ఆధారమే.

నిర్ధారణ

బైబిల్లో చారిత్రక ఆధారంగా రాజుల కాలపు వృత్తాంతాలకు బలం ఎక్కువ. యెహోషువ దండయాత్రల వంటి అంతకు ముందరి కథలకు తక్కువ. అద్భుతాలు చరిత్ర పద్ధతికి అందేవి కావు, అందువల్ల ఆ పద్ధతి వాటిని నిరూపించదు, కొట్టివేయదు. ఒక పేరు శాసనంలో దొరికితే గ్రంథమంతా రుజువైనట్టు కాదు, ఒక గోడ దొరకకపోతే గ్రంథమంతా కూలినట్టూ కాదు. ఈ కొలతను బైబిల్ మీద వాడేవారు తమ ఊరి స్థలపురాణం మీదా వాడాలి, స్థలపురాణం మీద వాడేవారు బైబిల్ మీదా వాడాలి. ఒకదానికే వాడితే అది పరిశోధన అనిపించుకోదు.