పసుపు తేలిన ఆరు గుంటలు

1985 చివర్లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మలకు థీసిస్ కోసం ఓ అంశం కావాల్సి వచ్చింది. ఎయిడ్స్ మీద చేయమన్నారు ఆమె గురువు డాక్టర్ సునీతి సోలమన్. పారిస్‌లో దానికి కారణమైన వైరస్ (హెచ్ఐవీ) బయటపడి రెండేళ్లు. అమెరికాలో రక్తపరీక్ష వచ్చింది ఆ ఏడాదే. మనవాళ్లకు మాత్రం అది పరాయి దేశపు జబ్బు; మన కట్టుబాట్ల ముందు దాని ఆటలు సాగవని ధీమా. పుణెలో వందల నమూనాలు చూసినా ఒక్కటీ తేలలేదు. ఇక్కడ మాత్రం ఏం దొరుకుతుందని నిర్మల వెనకాడారు. ఎవరో ఒకరు చూడాలి కదా అని ముందుకు తోసింది ఆమె భర్తే.

ఆయన స్కూటర్ మీదే తిరిగారు. సెక్స్ వర్కర్ల రక్తం పరీక్షించాలనుకున్నారు; మద్రాసులో వాళ్లకు పేరుపడ్డ వీధులంటూ లేవు. జనరల్ ఆసుపత్రి సుఖవ్యాధుల విభాగంలో పరిచయమైన ఒకరిద్దరు స్త్రీల ద్వారా దారి దొరికింది. పోలీసులు పట్టుకున్నవాళ్లను ఉంచే హోమ్‌కు చేరారు. చేతికి గ్లవ్స్ కూడా లేకుండా మూడు నెలల్లో 80కి పైగా నమూనాలు తీశారు. వాటినుంచి సీరమ్ వేరుచేయడానికి సునీతి చిన్న ల్యాబ్ అమర్చారు. ఆ సీసాలు దాచింది ఎక్కడనుకున్నారు? నిర్మల ఇంటి ఫ్రిజ్‌లో!

పరీక్ష చేసే వీలు మద్రాసులో లేదు. 1986 ఫిబ్రవరిలో ఐస్ పెట్టెతో భార్యాభర్తలు రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగారు. అక్కణ్ణుంచి సీఎంసీకి, అంటే చిత్తూరు వైపు వాళ్లు రాయవేలూరు ఆసుపత్రి అనే చోటికి. వైరస్ ఒంట్లో చేరితే దాన్ని ఎదిరించే యాంటీబాడీలు పుడతాయి. ఎలైసా పరీక్ష వెతికేది వాటినే. ఉంటే పరీక్ష పలక గుంటల్లోని ద్రవం పసుపుపచ్చగా మారుతుంది.

పరీక్ష సాగుతుండగా కరెంటు పోయింది. సరే, టీ తాగొద్దామని లేచారు. తిరిగొచ్చాక వైరాలజిస్టు జార్జి బాబు మూత తీసి, చటుక్కున మూసేశారు. నిర్మల అప్పటికే చూసేశారు. ఆరు గుంటల్లో పసుపు. మనకు శుభమైన రంగే, ఆ పూట మాత్రం గుండె జారింది. సీఎంసీ డాక్టర్ జేకబ్ జాన్ కూడా వచ్చి చూశారు. అదే ఫలితం.

హోమ్‌కు తిరిగి వెళ్లి ఆ ఆరుగురి రక్తం మళ్లీ తీశారు. అమెరికాలో జరిపిన వెస్టర్న్ బ్లాట్ పరీక్షా అదే మాట చెప్పింది. మే నెలలో తమిళనాడు అసెంబ్లీలో ఆరోగ్యమంత్రి ఈ సంగతి ప్రకటించారు. నమ్మనివాళ్లు, పరీక్షే తప్పన్నవాళ్లు లేకపోలేదు. 1989 నుంచి బ్లడ్ బ్యాంకుల్లో ప్రతి సీసా రక్తానికీ హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి అయింది. సునీతి శేషజీవితమంతా ఈ రోగులకే ఇచ్చారు. నిర్మల 1987 మార్చిలో థీసిస్ సమర్పించి టీకాల పనిలోకి వెళ్లిపోయారు.

ఈ కథలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. రక్తం దేనికి తీస్తున్నారో ఆ స్త్రీలకు ఎవరూ చెప్పలేదు. ఎయిడ్స్ అన్న మాటే వాళ్లకు తెలియని రోజులవి, నిజమే. అయినా రక్తం వాళ్లది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలోని హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం (ఐసీటీసీ)లో సూది తీయకముందే కౌన్సెలర్ కూర్చోబెట్టి, పరీక్ష ఎందుకో చెప్పి, ఇష్టమేనా అని అడుగుతారు. డబ్బు తీసుకోరు, ఫలితం మూడో మనిషికి చెప్పరు. పాజిటివ్ అని తేలితే వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులూ ఉచితమే. వాటిని రోజూ వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉన్నవాళ్లనుంచి లైంగికంగా అది మరొకరికి సోకదు. ఆ ఆరుగురి కాలానికి ఈ మాత్రలు లేవు.