పాత కంప్యూటరు, స్థానిక వాఙ్మయం: బిజినేపల్లి పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

తాళపత్రం, చేతివ్రాత కాగితపు ప్రతి, అచ్చు పుస్తకం అనే మూడు దశలు తెలుగు సాహిత్య చరిత్రకారులకు సుపరిచితం. వీటిలో ప్రతి దశకూ పరిశోధన ఉంది, పరిభాష ఉంది. నాలుగో దశ అయిన డి.టి.పి. మీద మాత్రం సాహిత్య విద్యార్థి దృష్టి పెద్దగా పడలేదు. 1990ల నుంచి రెండు దశాబ్దాలకు పైగా తెలుగునాట వెలువడిన పుస్తకాలలో అత్యధిక భాగం ఈ పద్ధతిలోనే కూర్చబడ్డాయి. వాటిని కూర్చిన యంత్రాలు కొన్నిచోట్ల నేటికీ పనిచేస్తూనే ఉన్నాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని మండల కేంద్రాలలో విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే కంప్యూటర్లు, వాటి పక్కన బరువైన గాజు తెరలు ఇంకా కనిపిస్తాయి. దీనిని పేదరికమనో, వెనుకబాటుతనమనో చెప్పి ముగించడం పరిపాటి. డబ్బు ఒక కారణమే కాని అది ప్రధాన కారణం కాదని, ఈ యంత్రాలను కదలనీయకుండా నిలిపింది తెలుగు లిపిని కంప్యూటరులోకి ఎక్కించిన తీరేనని, దాని ఫలితాన్ని నెమ్మది ఇంటర్నెట్టు మీద ఆధారపడిన పాఠకులే ఎక్కువగా అనుభవించారని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బిజినేపల్లి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. సాహిత్య చరిత్రలో ఈ మండలానికి ఉన్న స్థానం చిన్నదేమీ కాదు. గోన వంశీయుల పేరుతో ముడిపడిన వర్ధమానపురమే నేటి నంది వడ్డెమాన్. మండలంలోని పాలెం గ్రామంలో ప్రాచ్య కళాశాల వెలసి ఎందరో భాషాపండితులను తయారుచేసింది. స్థలచరిత్రల సేకరణకు జీవితాన్ని అంకితం చేసిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) అక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. పొరుగున ఉన్న గద్వాల, వనపర్తి సంస్థానాల పండిత పోషణ సరేసరి.

ఇటువంటి నేలలో రచన ఆగిపోదు. విశ్రాంత ఉపాధ్యాయులు గ్రామదేవతల మీద శతకాలు రాస్తారు. ఆలయ కమిటీలు స్థలపురాణాలను వేయిస్తాయి. పదవీ విరమణ సందర్భంగా అభినందన సంచికలు, పెళ్లిళ్లకు పద్య పంచరత్నాలు, కులవృత్తుల వారు తమ వంశచరిత్రలు ముద్రించుకుంటారు. ఇవి కొద్ది వందల ప్రతులకు మించవు, పుస్తకాల అంగడికి చేరవు, చాలావాటిని గ్రంథాలయాలు సేకరించవు. పదేళ్ల తరువాత రచయిత ఇంట్లో కూడా ప్రతి దొరకకపోవచ్చు. అప్పుడు మిగిలేది దానిని కూర్చిన డి.టి.పి. కేంద్రంలోని కంప్యూటరు ఫైలు ఒక్కటే.

యంత్రానికి కట్టుబడిన అక్షరం

రోమను లిపికి ఇరవయ్యారు అక్షరాలు, వాటి పెద్ద రూపాలు చాలు. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, వత్తులు, వీటి కలయికతో పుట్టే వేల రూపాలు కావాలి. సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు ముందున్న పెట్టెలో వందల అరలు ఉండేవి. కంప్యూటరు వచ్చేనాటికి ఒక ఫాంటులో లభించిన స్థానాలు 256 మాత్రమే, వాటిలోనూ కొన్ని వాడుకకు పనికిరావు. ఈ ఇరుకు పెట్టెలో తెలుగును ఇమిడ్చేందుకు ఫాంటు రూపకర్తలు తెలివైన ఉపాయం పన్నారు. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. ఈ ముక్కలను ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో ఉంచారు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు ఈ మార్గంలో వచ్చినవే. తెర మీద, కాగితం మీద అందమైన తెలుగు కనిపిస్తుంది. ఫైలులో నిలిచి ఉండేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల వరుస. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని గీతలే. ఒకే సంస్థ ఫాంట్ల పాత కూర్పుకు, కొత్త కూర్పుకు కూడా సంకేతాలలో తేడాలు రావడం ఆపరేటర్లందరికీ తెలిసిన చిక్కు.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. భారతీయ భాషలకు ఉమ్మడి సంకేత విధానంగా ఇస్కీ 1991లో భారత ప్రమాణమైంది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు 128 స్థానాల గది ఏర్పడింది. ఈ రెండూ అక్షరం ఆకారాన్ని పక్కన పెట్టి అక్షరానికే సంఖ్య ఇచ్చాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా ఉంది. అంటే నేడు పాతదని మనం పక్కన పెడుతున్న ఆ కంప్యూటరులోనే యూనికోడ్ తెలుగు చూపగల సామర్థ్యం మొదటినుంచీ ఉన్నది. పాతదై ఆగిపోయింది దానిమీద నడిచిన పుటల కూర్పు సాఫ్ట్‌వేరు.

డి.టి.పి. కేంద్రాలకు ప్రాణం పేజ్‌మేకర్. దాని చివరి కూర్పు 7.0 కూడా 2001లోనే వచ్చింది. అది యూనికోడ్‌ను ఎరుగదు. దానికి వారసునిగా వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులను సరిగా కూర్చే ఏర్పాటు 2012 నాటి సి.ఎస్.6 కూర్పులో కాని అందలేదు. అచ్చుకు పనికివచ్చే మండలి, రామభద్ర, ధూర్జటి వంటి స్వేచ్ఛా యూనికోడ్ ఫాంట్లు సిలికానాంధ్ర చొరవతో అందుబాటులోకి వచ్చింది కూడా ఇంచుమించు అప్పుడే. యూనికోడ్‌లో తెలుగు చేరిన 1991కీ, ఆ తెలుగుతో పుస్తకం కూర్చడం సాధ్యమైన 2012కీ మధ్య ఇరవయ్యొక్క ఏళ్లు. ఒక ఆపరేటరు వృత్తి జీవితంలో ఇది సింహభాగం. ఈలోపు అతని వేళ్లు ఆపిల్ కీబోర్డు అమరికకు అలవాటుపడ్డాయి, అతని వద్ద వందల ఫైళ్లు పోగయ్యాయి, ఆఫ్‌సెట్ ముద్రణాలయమూ అదే పద్ధతికి స్థిరపడింది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో కంపెనీ మద్దతు ముగిసినా ఆ కంప్యూటరును మార్చడానికి అతనికి కారణం కనిపించలేదు. మారిస్తే కలిగే నష్టం మాత్రం స్పష్టంగా కనిపించింది. దీనిని అజ్ఞానమనడం అన్యాయం. తన పనికి సంబంధించినంతవరకు అతని లెక్క సరైనదే.

ఇటువంటి కేంద్రాలలో ఒక విశేషం గమనించవచ్చు. ఒకే గదిలో రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి ఆన్‌లైన్ దరఖాస్తులకు, ధ్రువపత్రాలకు, పరీక్ష ఫలితాలకు. రెండోది ఇంటర్నెట్టు తీగ తగిలించనిది. భద్రతా సవరణలు ఆగిపోయిన యంత్రాన్ని వైరసు నుంచి కాపాడుకునే మార్గం దానిని ఒంటరిగా ఉంచడమే. పుస్తకాలన్నీ ఆ ఒంటరి యంత్రంలోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ ద్వారా తప్ప అక్కడినుంచి ఏదీ బయటికి రాదు.

నెమ్మది తీగ మీద తెలుగు

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందింది. అది మహానగరాల మాట. పల్లెలకు టెలిఫోను తీగ మీద వచ్చిన డయల్‌అప్ సౌకర్యం గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు. అంటే ఏడు వేల బైట్లు. గ్రామ పంచాయతీలకు నారతీగ వేసే జాతీయ పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. 2016 తరువాత చౌకైన మొబైల్ డేటా పరిస్థితిని బాగా మార్చింది. అయినా గోడల మధ్య బలహీనపడే సంకేతం, కరెంటు పోతే నిద్రపోయే టవరు ఈ ప్రాంతపు విద్యార్థులకు తెలియనివి కావు.

ఈ వేగాన్ని పుస్తకంతో కొలిచి చూడాలి. మూడు వందల పుటల పుస్తకాన్ని బొమ్మలుగా స్కాన్ చేస్తే ముప్పై మెగాబైట్లు అనుకుందాం. డయల్‌అప్ తన పూర్తి వేగంతో, ఒక్కసారీ తెగకుండా నడిస్తే అది దిగడానికి 71 నిమిషాలు. అదే పుస్తకాన్ని యూనికోడ్ పాఠంగా లెక్కిద్దాం. పుటకు 1200 సంకేతాలు, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మొత్తం పది లక్షల ఎనభై వేల బైట్లు. రెండున్నర నిమిషాలకు కొంచెం ఎక్కువ. యూనికోడ్ తెలుగు బరువైనదనే విమర్శలో నిజం లేకపోలేదు. ‘అమ్మ’ అనే మాటకు నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు కావాలి. తెలుగులో పంపే ఎస్.ఎం.ఎస్.కు 160 బదులు 70 సంకేతాలే చెల్లేది కూడా ఇటువంటి కారణం వల్లనే. అయినా బొమ్మతో పోల్చినప్పుడు పాఠం దూదిపింజ.

నెమ్మది తీగ ఉన్న ఊరికి కావలసింది పాఠం. వచ్చింది బొమ్మ. భారత డిజిటల్ గ్రంథాలయం తెలుగు పుస్తకాలను పుటల బొమ్మలుగా అందించింది. సీసపు అచ్చుల నాటి పుస్తకాలకు అంతకన్న గత్యంతరం లేదు, ఆ సేవకు తెలుగు పరిశోధకులు రుణపడి ఉన్నారు. కాని 1995 తరువాతి పుస్తకాలు కంప్యూటరులోనే పుట్టాయి. వాటికి పాఠం ఉంది. ఉండి కూడా ముక్కల ఫాంటులో చిక్కుకున్నందువల్ల వాటినీ అచ్చువేసి, మళ్లీ స్కాన్ చేసి, బొమ్మగా పంపవలసి వస్తున్నది. నేరుగా పి.డి.ఎఫ్. చేసినా వెతికితే ఒక్క మాట దొరకదు, నకలు తీస్తే గీతలు వస్తాయి. పాత కంప్యూటరు, నెమ్మది ఇంటర్నెట్టు వేర్వేరు సమస్యలుగా కనిపిస్తాయి. ఈ బిందువు వద్ద అవి ఒకటే.

ఇందుకు విపర్యయమైన ఉదాహరణ ప్రవాసాంధ్రుల నుంచి లభిస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమను అక్షరాలతోనే, చిన్న పెద్ద అక్షరాల తేడాతో రాసేవారు. చూపుకు అది ఏమంత ఇంపుగా ఉండదు. కాని అది అక్షరాన్ని రాసింది, ముక్కలను కాదు. అందువల్ల ఆనాడు అతి నెమ్మది తీగల మీద సులువుగా ప్రయాణించింది, తరువాత దాదాపు నష్టం లేకుండా యూనికోడ్‌లోకి మారింది. 1998లో మొదలైన ‘ఈమాట’ వంటి పత్రికలు ఆ సమాజం నుంచే వచ్చాయి. సొగసుగా కనిపించిన డి.టి.పి. తెలుగు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

మార్పిడిలో పాఠభేదాలు

మార్పిడి ఉపకరణాలు ఉన్నాయి కదా అనే ప్రశ్న సహజం. ఉన్నాయి. వార్తాపత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లో చూపిన నాగార్జున వెన్న ‘పద్మ’ ఈ రంగంలో మార్గదర్శకం. అను ఫాంట్లకు వేరుగా మార్పిడి సాధనాలు వచ్చాయి. అయితే ముక్కల ఫాంటులో ‘మ’ అంటే ‘వ’ ఆకారానికి చేర్చిన కొమ్ము ముక్క. యంత్రానికి ‘మ’, ‘వు’ పోలికగా కనిపిస్తాయి. అందుకే మార్చిన పాఠాలలో ‘మహా’ కాస్తా ‘వుహా’ అవుతుంది, ‘మంత్రి’ ‘వుంత్రి’ అవుతాడు. వత్తుల వరుసలోనూ ఇదే తంటా. ఇద్దరు ఆపరేటర్లు ఒకే మాటకు ముక్కలను వేర్వేరు వరుసలో కొట్టినా కాగితం మీద తేడా తెలియదు, మార్పిడిలో తెలుస్తుంది.

తాళపత్ర పరిష్కర్తలు లేఖక ప్రమాదాలను వర్గీకరించినట్లే వీటినీ వర్గీకరించవలసి ఉంది. ఇక్కడ పద్యానికీ గద్యానికీ ఒక తేడా కనిపిస్తుంది. ప్రాసస్థానంలో ‘మ’కు బదులు ‘వు’ వస్తే ప్రాస చెడి తప్పు తనంతట తానే బయటపడుతుంది. వత్తు జారితే గణం తప్పుతుంది. ఛందస్సు పరిష్కర్తకు కాపలాదారు. గద్యానికి ఆ కాపలా లేదు. బిజినేపల్లి మండలంలోని మంగనూరు మార్పిడిలో ‘వుంగనూరు’ అయితే ఆ ఊరిని ఎరిగినవారు తప్ప పట్టుకోలేరు. స్థలచరిత్రలలో నిండి ఉండేవి ఊరి పేర్లు, ఇంటి పేర్లు, చెరువుల పేర్లు. అంటే అత్యధికంగా దెబ్బతినేది మనకు అత్యవసరమైన భాగమే.

సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించినప్పుడు తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 మంది కవులతో సమాధానం చెప్పారు. ఆయనకు అందింది కవుల చేతివ్రాత. ఏ ఊరి నుంచి వచ్చినా చదవడానికి కళ్లు చాలు. నంది వడ్డెమాన్ పరిసరాలలో రాతి మీది అక్షరాలకూ అంతే. ఇవాళ అటువంటి సంచికను తలపెట్టినవారికి రచనతో పాటు దానిని తెరిచే ఫాంటు, సాఫ్ట్‌వేరు, అవి నడిచే యంత్రం కూడా సేకరించవలసి ఉంటుంది. హార్డుడిస్కు చెడితే బాగుచేయించే ఖర్చు కన్న కొత్తది కొనడం చౌక. అట్లా కొన్న నాడు ఒక మండలపు ఇరవై ఏళ్ల రచన తూకానికి పోతుంది.

కాబట్టి క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకులు డి.టి.పి. కేంద్రాలను కూడా ఆధార స్థానాలుగా పరిగణించాలి. రచయితల అనుమతితో మూల ఫైలును, ఫాంటు పేరును, దాని కూర్పు సంఖ్యను, పుటల కూర్పు సాఫ్ట్‌వేరు సంఖ్యను కలిపి నమోదు చేయాలి. అదే యంత్రం నుంచి ఒక పి.డి.ఎఫ్. తీసి ఉంచితే మార్పిడి పాఠాన్ని దానితో సరిపోల్చవచ్చు. ఊరి పేర్లను మండలంలోని గ్రామాల జాబితాతో, ఇంటి పేర్లను రచయితతో లేదా ఆయన కుటుంబంతో సరిచూడాలి. విశ్వవిద్యాలయ శాఖలు పనిచేసే ఎక్స్‌పీ కంప్యూటరు ఒక్కటైనా, ఇంటర్నెట్టు తగిలించకుండా, తాళపత్రాల బీరువా పక్కన ఉంచుకోవాలి. కీబోర్డు మీద ఆపిల్ అమరిక తెలిసిన ఆపరేటరు తరం ఇంకా పనిలోనే ఉంది. ఏ ముక్క తరువాత ఏ ముక్క కొట్టేవారో అడిగి రాసుకోవడానికి ఇదే సమయం.