ఒక పన్ను, ఎన్నో చేతులు

పాట్రిస్ లుముంబా పేరు మన దగ్గర చాలామందికి మొదట ఒక యూనివర్సిటీ పేరుగానే తెలుసు. సోవియట్ రోజుల్లో మాస్కో వెళ్లి చదువుకొచ్చినవాళ్లు ‘లుముంబాలో చదివాం’ అనేవాళ్లు. ఇంతకీ ఆయనెవరు అని అడిగితే ‘ఆఫ్రికా నాయకుడు, సీఐఏ చంపేసింది’ అని ఒక్క ముక్కలో జవాబొచ్చేది. ఆ ముక్కలో సగమే నిజం. మిగతా సగం కూడా కలుపుకుంటే సీఐఏ నిర్దోషిగా తేలదు. పైగా ముద్దాయిల వరుసే పెరుగుతుంది.

లుముంబా 1925లో పుట్టాడు. స్టాన్లీవిల్‌లో పోస్టాఫీసు గుమాస్తాగా చేశాడు, తర్వాత బీరు కంపెనీలో అమ్మకాల పని చూశాడు. 1958లో కాంగో జాతీయోద్యమ పార్టీ పెట్టాడు. 1960 మే ఎన్నికల్లో ఆ పార్టీకే అందరికన్నా ఎక్కువ సీట్లొచ్చాయి. జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రధానమంత్రి వయసు 34. ఆ రోజు సభలో బెల్జియం రాజు, కాంగోను సొంత ఆస్తిలా పిండుకున్న తన పూర్వీకుడు లియోపోల్డ్‌ను మహనీయుడని పొగిడాడు. రబ్బరు సరిపడా తేలేదని జనం చేతులు నరికించిన పాలన అది. కార్యక్రమంలో లుముంబా పేరు లేదు. అయినా లేచి, ఈ స్వాతంత్ర్యం దానంగా రాలేదనీ పోరాడి తెచ్చుకున్నదేననీ రాజు ఎదుటే చెప్పాడు.

ఆ తర్వాత ఆయన పదవిలో ఉన్నది పది వారాలే. జూలై 5న సైన్యం తిరగబడింది. తమవాళ్లను కాపాడుకోవాలంటూ బెల్జియం దళాలు దిగాయి. జూలై 11న కటంగా రాష్ట్రం విడిపోయిందని చోంబే ప్రకటించాడు. కటంగా అంటే రాగి, కోబాల్ట్, యురేనియం. హిరోషిమా బాంబులో వాడిన యురేనియంలో ఎక్కువ భాగం అక్కడి షింకోలోబ్వే గనిదే. గనులన్నీ ఒక్క బెల్జియం కంపెనీ చేతిలో ఉండేవి. ఐక్యరాజ్యసమితి సైన్యం వచ్చింది గానీ కటంగాను వెనక్కి తేవడానికి సిద్ధపడలేదు. దాంతో లుముంబా సోవియట్ విమానాలు తెప్పించుకున్నాడు. వాషింగ్టన్ లెక్కలో అక్కడితో ఆయన పని అయిపోయింది.

1960 ఆగస్టు 26న సీఐఏ అధిపతి అలెన్ డల్లెస్, లుముంబాను తప్పించడమే అత్యవసర లక్ష్యమని కాంగోలోని తన అధికారి ల్యారీ డెవ్లిన్‌కు టెలిగ్రాం పంపాడు. సెప్టెంబర్‌లో సీఐఏ రసాయన నిపుణుడు సిడ్నీ గాట్లీబ్ స్వయంగా విషం పట్టుకుని వెళ్లాడు. అన్నంలోనో టూత్‌పేస్ట్‌లోనో కలపాలని పథకం. అది అమలు కాలేదు. విషాన్ని కాంగో నదిలో పారేశానని డెవ్లిన్ తర్వాత చెప్పుకున్నాడు. 1975లో అమెరికా సెనేట్‌లోని చర్చ్ కమిటీ ఈ కుట్రను బయటపెట్టింది. అయితే అసలు హత్యలో సీఐఏ పాల్గొన్నట్టు ఆధారం లేదని కూడా తేల్చింది.

మరి సీఐఏ చేయి ఎక్కడుంది? సెప్టెంబర్ 5న అధ్యక్షుడు కసావుబు లుముంబాను తొలగించాడు. 14న కల్నల్ మొబుటు అధికారం చేజిక్కించుకున్నాడు. మొబుటుకి డబ్బూ సలహాలూ అందించింది సీఐఏనే. జైల్లో ఉన్న లుముంబాను శత్రువుల ఇలాకాకు తరలిస్తున్నారని డెవ్లిన్‌కు మూడు రోజుల ముందే తెలుసు. వద్దనలేదు. విషం పెట్టడమైతే నేరం, నోరు మూసుకోవడమైతే కాదా?

బెల్జియం పాత్ర ఇంకా నేరుగా కనిపిస్తుంది. లుముంబాను ‘శాశ్వతంగా తొలగించడమే’ ప్రధాన లక్ష్యమని అక్టోబర్ 6న ఆఫ్రికా వ్యవహారాల మంత్రి డాస్ప్రెమాం లిండెన్ టెలిగ్రాం ఇచ్చాడు. 1961 జనవరి 17న లుముంబాను, ఆయన సహచరులు మ్పోలో, ఒకీటోలను దారంతా కొడుతూ విమానంలో ఎలిజబెత్‌విల్ చేర్చారు. ఆ రాత్రే అడవిలో కాల్చేశారు. తుపాకులు పట్టింది కటంగా సైనికులు. పక్కనే నిలబడి పని జరిపించింది బెల్జియం అధికారులు. తర్వాత బెల్జియం పోలీసు అధికారి ఒకడు శవాలను తవ్వి తీసి, ముక్కలు చేసి, యాసిడ్‌లో కరిగించాడు. లుముంబా పన్ను మాత్రం గుర్తుగా దాచుకున్నాడు. పల్లెజనం చంపేశారని ఫిబ్రవరి 13న లోకానికి చెప్పారు.

బ్రిటన్ కూడా వరుసలో ఉంది. లుముంబాను చంపడం ఒక మార్గమని 1960 సెప్టెంబర్‌లో విదేశాంగ అధికారి హోవర్డ్ స్మిత్ ఆఫీసు ఫైల్లోనే రాశాడు. తర్వాత ఆయనే ఎంఐ5 అధిపతి అయ్యాడు.

ఇక మన వంతు. ఆ రోజుల్లో కాంగోలో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి మన దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్. మొబుటు ప్రభుత్వాన్ని ఆయన ఒప్పుకోలేదు. పార్లమెంటును బతికించాలన్నాడు. అందుకే పశ్చిమ దేశాలకు కంటగింపై 1961 మేలో వెళ్లిపోవాల్సి వచ్చింది. ఈ మాట గర్వంగానే చెప్పుకోవచ్చు. కానీ లుముంబా ఇంటికి కాపలా కాసిన ఐక్యరాజ్యసమితి సైన్యానికి, ఆయన ఇల్లు దాటితే జోక్యం చేసుకోవద్దని ఆదేశాలున్నాయి. నవంబర్ 27 రాత్రి ఆయన తప్పించుకున్నాడు, కొన్ని రోజులకే దొరికిపోయాడు. నీలి టోపీలు చూస్తూ ఉండిపోయాయి. నిబంధన తప్పలేదు, మనిషి దక్కలేదు. హత్య వార్తకు నెహ్రూ పార్లమెంటులో మండిపడ్డాడు, మార్చికల్లా మన బ్రిగేడ్ కాంగో చేరింది. అప్పటికే ఆలస్యమైంది.

బెల్జియం పరిశోధకుడు లుడో డి విట్టే 1999లో పుస్తకం రాసేదాకా ఆ దేశం కదల్లేదు. 2001లో పార్లమెంటు విచారణ సంఘం ‘నైతిక బాధ్యత’ అనే మాట వాడింది. 2002లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2022 జూన్ 20న పన్ను కుటుంబానికి తిరిగిచ్చారు, జూన్ 30న కిన్షాసాలో సమాధి చేశారు. 61 ఏళ్ల తర్వాత జరిగిన అంత్యక్రియల్లో శవపేటికలో ఉన్నది ఆ పన్నొక్కటే.

‘నైతిక బాధ్యత’ అనే మాటలో ఓ సుఖం ఉంది. అందరికీ తలా కొంచెం పంచేస్తే ఎవరికీ శిక్ష పడదు. అలాగని గొలుసులో ఉన్నవాళ్లంతా సమానం కాదు. మనకు దగ్గరి ఉదాహరణే తీసుకోండి. ఇబ్రహీంపట్నం మండలం ఆదిబట్లలో లాక్‌హీడ్ సీ-130 విమానాల తోక భాగాలు తయారవుతాయి. 1964 నవంబర్‌లో లుముంబా అనుచరుల తిరుగుబాటు నడుస్తుండగా, బందీలను విడిపించడానికని బెల్జియం పారాట్రూపర్లను స్టాన్లీవిల్‌లో దించింది అమెరికా సీ-130లే. ఇవాళ ఆదిబట్లలో బోల్టు బిగించే కుర్రాడికి ఆ చరిత్రతో ఏ లెక్కా లేదు. డల్లెస్‌కు ఉంది, టెలిగ్రాం రాసిన మంత్రికి ఉంది, మూడు రోజుల ముందు తెలిసి ఊరుకున్న డెవ్లిన్‌కు ఉంది. ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలుసు, ఆపగలిగి ఉండీ ఎవరు ఆపలేదు? గీత గీయాల్సింది ఈ మూడు ప్రశ్నల దగ్గర. ‘సీఐఏ చంపేసింది’ అనుకుంటే ఆ గీత గీసే పనే ఉండదు. బ్రస్సెల్స్‌కు కావాల్సిందీ అదే.