ఒకే మొవ్వు గల చెట్టు: ఆయిల్‌పామ్ కణజాల వర్ధన చరిత్ర

ఏలూరునుండి ఉత్తరముగా పెదవేగి వైపు సాగినచో కొల్లేటి పల్లము వెనుకబడి మెట్ట ఆరంభమగును. దిగువను వరిచేలు, చేపల చెరువులు. ఎగువను బోరుబావుల నీటిపై పెరుగు పామాయిల్ తోటలు. శాస్త్రజ్ఞులు ఈ చెట్టును ఆయిల్‌పామ్ అందురు. రైతులకు మాత్రము అది పామాయిల్ చెట్టే. దీని పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఆంధ్రదేశమున ఈ సేద్యము విస్తరింపగా, 1993లో రాష్ట్ర శాసనసభ దీనికై ఒక ప్రత్యేక చట్టమునే చేసినది. 1995లో పెదవేగియందు జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రము వెలసినది. నేడది భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ.

అరటికి పిలకలు కలవు. మామిడికి అంటు కట్టవచ్చును. చెరకు కణుపు పాతినచో మొలచును. ఈ చెట్టుకు ఇవేవియు లేవు. తాటికిని కొబ్బరికిని వలెనే దీనికి ఒకటే మొవ్వు. మొవ్వు చచ్చిన చెట్టు చచ్చినట్లే. మేలైన చెట్టు ఒకటి తోటలో కనబడినను, అచ్చముగా దానివంటిదే మరియొకటి కావలెనన్న మార్గము లేదు. గింజయే గతి.

ఆ గింజలోనే చిక్కు ఉన్నది. ఈ చెట్లు మూడు తెగలు. డ్యూరా కాయలో పెంకు మందము. పిసిఫెరాకు పెంకే లేదు, కాని దానిలో చాల చెట్లు సరిగా కాపునకు రావు. ఈ రెండింటిని సంకరము చేయగా పుట్టునది పలుచని పెంకు గల టెనెరా. ఈ రహస్యమును 1941లో బెల్జియన్ కాంగోలో బైర్నార్ట్, వాండర్‌వాయెన్ అను శాస్త్రజ్ఞులు విప్పిరి. తోటలలో నాటదగినది టెనెరాయే. రైతు తన తోటలోని మంచి గెలనుండి గింజలు తీసి నాటుకొన్నచో, మెండెల్ చెప్పిన లెక్క ప్రకారము వానిలో సుమారు సగమే టెనెరా అగును. పావువంతు డ్యూరా, పావువంతు పిసిఫెరా. కావున విత్తనము సంకర విత్తన తోటలనుండియో, విదేశములనుండియో రావలసినదే. అట్లు వచ్చిన టెనెరా మొక్కలును తోబుట్టువులే గాని కవలలు గావు. ఒకటి విరగకాయును, ప్రక్కది అంతంత మాత్రము.

మొక్కలోని ఏ చిన్న ముక్కనుండియైనను పూర్తి మొక్కను లేపవచ్చునను ఆలోచన 1902 నాటిది. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హాబర్లాంట్ ఆకు కణములను పోషక ద్రవములో ఉంచెను. అవి బ్రతికినవి గాని, ఒక్కటియు విభజన చెందలేదు. ఆ ముడి విప్పిన వస్తువులలో ఒకటి మన గోదావరి జిల్లాలవారికి మిక్కిలి పరిచితమైనది: కొబ్బరినీరు. 1941లో వాన్ ఓవర్‌బీక్ ఉమ్మెత్త పిండములను దానితో పెంచెను. 1958లో అమెరికాలో స్టీవర్డ్ కొబ్బరినీరు కలిపిన ద్రవములో క్యారట్ దుంప కణములనుండి మొక్కలనే లేపెను. ఈ నడుమ 1955లో స్కూగ్, మిల్లర్ మొదలగువారు కైనెటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1962లో మురషిగే, స్కూగ్ కూర్చిన పోషక మిశ్రమము నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. వింత యేమనగా, ఇందరి మొక్కలకు పాలుపట్టిన కొబ్బరిచెట్టు తానుమాత్రము సీసాలో పెరుగుటకు చాలకాలము మొండికేసినది.

ఆయిల్‌పామ్‌పై 1970వ దశకమున ఇంగ్లండులో యూనిలీవర్ కంపెనీవారు, ఫ్రాన్సులో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. మొదటివారు వేళ్ళను, రెండవవారు ఇంకను విప్పారని లేత ఆకును ఎన్నుకొనిరి. ముక్క మొదట కండవలె ఉబ్బును. దాని నుండి పిండములవంటి బొడిపెలు, వానినుండి మొలకలు వచ్చును. ఈ పని నెలలలో తెమలునది కాదు, సంవత్సరములు పట్టును. 1977లో అట్టి మొక్కలు మలేషియా నేలలో నాటుకొన్నవి. ఎంపిక చేసిన చెట్ల నకళ్ళతోనే తోట నింపినచో దిగుబడి ఎంతో పెరుగునని ఆశించిరి. మొక్కలు నవనవలాడుచు పెరిగినవి.

కాపు వచ్చినపుడు గుండె గుభేలుమన్నది. కొన్ని చెట్ల పువ్వులు వికృతములైనవి. కేసరములు కావలసిన భాగములు అండకోశములవలె మారి, కాయచుట్టును కండగల రెక్కలుగా పెరిగినవి. కాయ శాలువా కప్పుకొన్నట్లుండుటచే ఈ అవలక్షణమునకు 'మాంటిల్డ్' అను పేరు వచ్చినది. తీవ్రముగా నున్నచోట గెలయే నిలువక మాడిపోయినది. 1986లో ఈ సంగతి ప్రకటితము కాగా నాటుడు పనులు వెనుకంజ వేసినవి.

ఈ నష్టమెట్టిదో మన రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. తాడేపల్లిగూడెము ప్రక్క అరటి వేసినవానికి సీసా మొక్క మోసము చేసినచో పోవునది ఒక పంట. పామాయిల్ వేసినవాడు హెక్టారుకు 143 మొక్కలు నాటి, మూడేండ్లు నీరుపెట్టి, ఎరువులు వేసి, అటుపిమ్మట గాని గెల ముఖము చూడడు. చెట్టు ఆయుర్దాయమా, పాతికేండ్లకు పైమాట.

కారణము తెలియుటకు మరి ముప్పదేండ్లు పట్టినది. జన్యువులలోని అక్షరములు మారలేదు. తల్లిచెట్టు డీఎన్ఏకును, వికృతమైన నకలు డీఎన్ఏకును తేడా కనబడలేదు. 2015లో మలేషియా పామాయిల్ బోర్డుకు చెందిన మెయిలీనా ఓంగ్ అబ్దుల్లా బృందమువారు అసలు గుట్టు తెలిపిరి. పువ్వుల నిర్మాణమును శాసించు ఒక జన్యువు నడుమ, చోటు మారగల డీఎన్ఏ ముక్క ఒకటి దాగియున్నది. మామూలు చెట్టులో దానిపై మిథైల్ ముద్రలు దట్టముగా నుండి దానిని అణచి ఉంచును. సీసాలో పెరుగునపుడు కొన్ని కణములలో ఆ ముద్రలు చెరిగిపోవును. అప్పుడు జన్యువు సందేశము దారి తప్పును. ఆ ముక్క పేరు 'కర్మ'! వరిలో ఇట్టిదానిని 2003లో జపాను శాస్త్రజ్ఞులు వర్ణించుచు వాడిన పేరది. ఏ అర్థముతో పెట్టిరో గాని, మన పల్లెలలో ఎవరు విన్నను సరియైన పేరే పెట్టినారందురు.

ఇపుడు నారుమడి దశలోనే లేత ఆకు నుండి చిటికెడు ముక్క తీసి, కర్మపై ముద్రలు చెదిరినవో లేదో పరీక్షింపవచ్చును. పెదవేగిలోను ఆయిల్‌పామ్ కణజాల వర్ధనముపై పరిశోధనలు జరిగినవి. చుట్టుపట్ల తోటలలో నాటబడుచున్నవి మాత్రము ప్రధానముగా సంకర విత్తనపు మొక్కలే. నారుమడిలో ఏడాదికి పైగా పెంచి, గిడసబారినవానిని, ఆకు తీరు తప్పినవానిని కంటితో చూచి ఏరివేసి, తక్కినవానిని రైతుల కిత్తురు.