నేస్తాల తోడు – అచ్చమాంబగారి బాట

మగవారు ఆఫీసులకూ, పిల్లలు బడికీ వెళ్ళిపోయాక ఇల్లు ఒక్కసారిగా మూగబోతుంది. అప్పుడు మనసులో మాట చెప్పుకోవడానికి మనకెవరున్నారు? అమ్మ ఉంది, అక్క ఉంది, నిజమే. చుట్టరికంతో నిమిత్తం లేకుండా దగ్గరైన మనిషి ఉందా? నూట ఇరవై ఏళ్ళ క్రితం ఒక తెలుగింటి ఆడపడుచు అలాంటి తోడు తనకే కాదు, పదిమందికీ ఉండాలనుకున్నది. ఆమే భండారు అచ్చమాంబ.

అచ్చమాంబగారు 1874లో నందిగామ ప్రాంతంలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్ళయింది. భర్త ఉద్యోగరీత్యా కాపురమేమో దూరాన మధ్యపరగణాలలో. బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి సాయంతో ఇంట్లోనే చదువుకున్నారు. ఒక కొడుకూ, ఒక కూతురూ కలిగి, ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. కడుపుకోతను "నీ రాత ఇంతేనమ్మా" అన్న ఓదార్పు తీరుస్తుందా, చెప్పండి!

ఆమె మూల కూర్చోలేదు. దిక్కులేని పిల్లల్ని చేరదీసి చదివించారు. మన దేశపు స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాశారు. 1901లో అది వెలువడింది. కాని పుస్తకంలోని స్త్రీలు ఎంత గొప్పవారైనా తిరిగి పలకరించరు కదా! 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్నంలో 'బృందావన స్త్రీ సమాజం' స్థాపించారు. మరికొన్ని ఊళ్ళు తిరిగి, అక్కడా సమాజాలు పెట్టుకోమని స్త్రీలను ప్రోత్సహించారు.

ఇందులో విశేషమేమిటంటారా? ఆ రోజుల్లో ఇల్లాలు గడప దాటాలంటే గుడికో, పేరంటానికో, పరామర్శకో వెళ్ళాలి. "నేస్తాన్ని చూసివస్తాను" అంటే సరేననే ఇళ్ళెన్ని? స్త్రీ సమాజం ఆ గడప దాటడానికొక గౌరవమైన కారణం కల్పించింది. నలుగురూ కలిసి చదువుకోవడం, తమకు తోచింది చెప్పడం, ఎదుటివారు చెప్పేది వినడం – ఇదే దాని పని. ఒకరి కష్టం నలుగురి ఆలోచన అయినచోట ఓదార్పు మాత్రమే కాదు, బ్రతుక్కొక పని కూడా దొరుకుతుంది.

1905లో, ముప్పై ఏళ్ళ వయసుకే అచ్చమాంబగారు కన్నుమూశారు. ఆమె చూపిన దారి మాత్రం మూసుకుపోలేదు.

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేం. కష్టం వచ్చాక నేస్తాన్ని వెతుక్కోవడమూ అంతే. అందుకే వారానికొక సాయంత్రం మీ వీధిలో నలుగురూ కలవండి. కూరల ధరలతోనే మొదలుపెట్టండి, తప్పులేదు. పక్కింటావిడ ఈమధ్య ఎందుకు మాట్లాడటం మానేసిందో, అది మాత్రం అడగకుండా లేవకండి.