ఎడారి నుంచి కాథ్లీన్‌కు

1937 డిసెంబరు. పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. కొత్త పెళ్లికూతురు కాథ్లీన్ అమెరికాలో ఉండిపోయింది. 28 ఏళ్ల టామ్ బార్గర్ మాత్రం బహ్రెయిన్ దాటి సౌదీ ఒడ్డున దిగాడు. అక్కడి ధహ్రాన్ అంటే అప్పటికి ఒక రాతిగుట్ట, చమురు కోసం తవ్విన బావులు, అమెరికన్ చమురు కంపెనీ వాళ్ల క్యాంపు. అంతే.

ఎందుకొచ్చాడు? మనవాళ్లు గల్ఫ్‌కు ఎందుకు వెళ్లారో అందుకే. చదివింది మైనింగ్ ఇంజనీరింగ్. ఆర్థిక మాంద్యంలో అమెరికాలో నిలకడైన పని దొరకలేదు. జీతం ఇస్తామన్న చోటికి భూగర్భ పరిశోధకుడిగా వచ్చాడు. భార్యను వెంట తెచ్చుకునే వీలు లేదు.

రోజంతా ఎడారిలో కొండరాళ్లు కొలవడం, పటాలు గీయడం. రాత్రయితే గుడారంలో దీపం ముందు కూర్చుని ఇంటికి ఉత్తరం రాయడం. ఆ దృశ్యం తలుచుకున్నప్పుడల్లా నాకు మా వీధిలో గల్ఫ్ నుంచి వచ్చిన కవరు చించుతున్న తల్లుల చేతులే కనిపిస్తాయి. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. రాసిన కబురు పాతబడిపోయాకే అక్కడ అందేది. అయినా అతను రాయడం మానలేదు.

ఏం రాశాడు? నిప్పు చుట్టూ చేరిన ఎడారి సంచారులు బెదూయిన్ల గురించి, వాళ్ల కాఫీ గురించి, నేర్చుకుంటున్న అరబ్బీ గురించి. తమకు దారి చూపిన, అజ్మాన్ తెగకు చెందిన ఖమీస్ బిన్ రిమ్తాన్ గురించి. ఖమీస్ చేతిలో పటం ఉండేది కాదు. ఒకసారి నడిచిన దారి, ఒకసారి నీళ్లు తాగిన బావి అతనికి జీవితాంతం గుర్తే. చదువుకున్న భూగర్భ శాస్త్రవేత్తలు అతని వెనకే బండ్లు నడిపారు. తర్వాతి కాలంలో ఒక చమురు క్షేత్రానికి అతని పేరే పెట్టారు.

1938 మార్చిలో ధహ్రాన్‌లోని దమ్మాం ఏడో బావిలో సమృద్ధిగా చమురు పడింది. 1,440 మీటర్ల లోతున. అంతకు ముందు తవ్వినవన్నీ నిరాశపరిచాయి. కంపెనీ మూటముల్లె సర్దుకోవాలా అని ఆలోచిస్తున్న రోజులవి. ఆ బావి ఒక దేశం తలరాతనే మార్చింది. దాని వెంట లక్షల కుటుంబాల తలరాత కూడా. కరీంనగర్, కడప, కోనసీమ ఇళ్లలో తండ్రులు లేకుండా పెరిగిన పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు.

బార్గర్ పైపైకి వెళ్లాడు. ఆ కంపెనీ ఆరాంకోగా మారాక దానికి అధ్యక్షుడయ్యాడు, చైర్మన్ అయ్యాడు, 1969లో పదవీ విరమణ చేశాడు. అరబ్బీ మాట్లాడే అధికారిగా, సౌదీ యువకులను పైకి తేవాలని పట్టుబట్టిన మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. 1947లో పన్నెండేళ్ల వయసులో కంపెనీలో చేరిన అలీ అల్ నయీమీ 1984లో దాని తొలి సౌదీ అధ్యక్షుడయ్యాడు. అది చూసే 1986లో బార్గర్ కన్నుమూశాడు.

ఆయనకు ఆరుగురు పిల్లలు. కుటుంబం తర్వాత ధహ్రాన్‌కే చేరింది. కానీ వాళ్లు పుట్టకముందు నాన్న ఎలా ఉండేవాడు? దేనికి నవ్వేవాడు, దేనికి బెంగపడేవాడు? ఆ జవాబులన్నీ 1937 నుంచి 1940 దాకా అమ్మకు వచ్చిన కాగితాల్లోనే ఉన్నాయి. కొడుకు టిమ్ 2000లో వాటిని పుస్తకంగా అచ్చువేశాడు. తాతను ఎన్నడూ చూడని వారసులు కూడా ఇవాళ ఆయన మాటలను ఆయన నోటితోనే వినగలరు.

మన ఇళ్లలోనూ అటక మీద పెట్టెలున్నాయి. దమ్మాం నుంచి, రియాద్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చిన నీలిరంగు కవర్లు, గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. వాటిని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. నాన్న, తాత ఇంకా ఉంటే ఒక ఆదివారం ఆ పెట్టె దింపి, వాళ్ల ముందే చదివించండి.